క్రిముల ఆయువుపట్టు



పాడి గల యిండ్లలో నొక్కొక్కప్పుడొక చిత్రము జరుగుచుండును. ఆవునకు పొదుగువాపు వచ్చి, పశువైద్యుడు మందు వేసి పోయిన పిమ్మట, రెండు మూడు దినములు ఆ పాలు ఎంత తోడు వేసినను సరిగా తోడుకొనవు. పాలు చూచుటకు బాగుగానే యుండును, వాసన మంచిదే, కాచిన విఱుగవు. కాని తెల్లవాఱి చూచినచో కుండలో నున్నవి పాలే కాని పెరుగు కాదు. ఇంటి యాడువారు తోడు మంచిది కాదనుకొని పొరుగింటి తోడు తెచ్చి వేయుదురు. అదియు నంతే. దోషము తోడులో లేదు. తోడనగా కోట్లకొలది సూక్ష్మజీవుల సముదాయము. పాలను పులియజేసి పేరబెట్టునవి యవియే. పొదుగునకు వేసిన మందు పాలలోనికి దిగి ఆ చిన్ని జీవులను ఎదుగనీయక అణచివేసినది. కాచినంత మాత్రమున ఆ మందు పూర్తిగా పోదు. ఆ పాలు కొన్ని దినములు వాడవలదని పశువైద్యులు చెప్పుట యిందుకొఱకే.

ఇందు ఆలోచింపదగిన సంగతి యొకటి కలదు. ఆ మందు పొదుగులోని రోగక్రిమిని చంపినది. కుండలోని పెరుగుక్రిమినిని చంపినది. మఱి ఆవు నేల చంపలేదు? పాషాణము పెట్టినచో ఎలుకయు చచ్చును, పిల్లియు చచ్చును, పొరపాటున మ్రింగినచో మనుష్యుడును చచ్చును. విషమునకు తారతమ్యము లేదు. ఈ మందునకు మాత్రము ఆ వివేక మెక్కడి నుండి వచ్చినది? నేటి ప్రసంగమంతయు ఈ ప్రశ్నకు సమాధానమే.

ఈ మందులకు ఆంటీబయాటిక్కులని పేరు. గ్రీకు భాషలో ‘ఆంటీ’ యనగా విరోధి, ‘బయోస్’ అనగా జీవితము. ప్రాణము నిలుపు మందునకు జీవవిరోధి యని పేరు పెట్టుట నావంటి వ్యాకరణము చదివినవానికి కొంత యెబ్బెట్టుగా తోచును. పేరు పెట్టినవారు క్రిమి వైపున నిలిచి చూచిరి గాని రోగి వైపున నిలిచి చూడలేదు కాబోలు.

బాక్టీరియా యనబడు ఈ క్రిములు ఒక్కొక్కటి ఒక్క కణము మాత్రమే. ఆవగింజ యడ్డుకొలతలో వేయింటికి మించి వరుసగా నిలుపవచ్చును. ఇంత చిన్నదాని బలమంతయు దాని సంతానములో నున్నది. తగిన వెచ్చదనము, ఆహారము దొరకినచో కొన్ని జాతులు 20 నిమిషములకొకసారి రెండుగా చీలును. లెక్క కట్టి చూడుడు. రాత్రి పది గంటలకు ఒక్కటి యున్నచో, ఉదయము ఆఱు గంటలకు 24 మాఱులు రెట్టింపై 1,67,77,216 అగును. సాయంకాలము పిల్లవానికి ఒళ్లు వెచ్చబడి, తెల్లవాఱునప్పటికి కన్ను తెఱవలేని స్థితి వచ్చుటకు కారణ మీ లెక్కలో నున్నది. అట్లని క్రిములన్నియు మనకు పగవి కావు. పెరుగులోనివి, పేగులలోనివి, పొలములోని మట్టిలోనివి లెక్కకు మిక్కిలి మేలు చేయునవే. కీడు చేయు జాతులు కొలది.

బాలనాగమ్మ కథ మీరెల్లరు వినినదే. మాయల ఫకీరు ఎట్టి శస్త్రమునకును చావడు. వాని ప్రాణము ఎక్కడనో యొక చిలుకలో నున్నది. ఆ చిలుక దొరకినగాని వాడు పడడు. క్రిమికిని అట్టి యాయువుపట్టు లున్నవి. అది మన శరీరములో లేనిదైయుండవలెను, లేదా మనదానికంటె వేఱు తీరున కట్టబడినదై యుండవలెను. అట్టిదానిని చూచి కొట్టునదే ఆంటీబయాటిక్కు. దాని వివేకమనగా నింతే.

మొట్టమొదట దొరకిన ఆయువుపట్టు క్రిమి చుట్టునున్న గోడ. మన శరీర కణములకు పలుచని పొర యున్నది గాని గోడ లేదు. బాక్టీరియాకు ఆ పొరపైన దడివంటి దృఢమైన అల్లిక యుండును. దడి కట్టువాడు నిలువు పుల్లలను, అడ్డపుల్లలను పేర్చి, అవి కలిసిన చోటులందు ముడులు వేయును గదా. క్రిమి తన గోడను అట్లే ముడులు వేసి కట్టుకొనుచు పెరుగును. పెనిసిలిన్ చేయు పని యేమనగా, ఆ ముడి వేయు చేతిని పట్టుకొనుట. పుల్లలు పేర్చబడుచునే యుండును, ముడులు పడవు. క్రిమి లోపలి ద్రవము చిక్కనిది గనుక బయటి నీరు ఎల్లప్పుడు లోనికి చొచ్చుచుండును. ముడిలేని గోడ ఆ యొత్తిడికి ఆగక పగులును. క్రిమి చిట్లి చచ్చును. పెరుగుచు గోడ కట్టుకొనుచున్న క్రిమియే ఇట్లు చచ్చునని గమనింపుడు. కదలక మెదలక నిద్రించు క్రిమిని పెనిసిలిన్ ఏమియు చేయజాలదు. ఈ మాటతో మనకు ముందు పని యున్నది.

దీనిని కనుగొన్న కథ పలువురకు తెలిసినదే కాన క్లుప్తముగా చెప్పెదను. 1928లో లండను నగరమున అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అను వైద్యుడు కురుపులు పుట్టించు క్రిములను గాజుపళ్లెములలో పెంచుచుండగా, ఒక పళ్లెములో బూజు పడినది. బూజు చుట్టును క్రిములు లేక కొంతమేర నిర్మలముగా నుండెను. ఆ బూజులోని సారమును మందుగా తీయుటకు ఆయనకు సాధ్యము కాలేదు. పండ్రెండేండ్ల పిమ్మట ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ యనువారు ఆ పని చేసిరి. 1940 మే 25వ తేదీన వారు ఎనిమిది చుంచెలుకలకు ప్రాణాంతకమైన క్రిములను ఎక్కించి, నాలుగింటికి మాత్రము పెనిసిలిన్ ఇచ్చిరి. మఱునాటి యుదయమునకు మందు పడని నాలుగును చచ్చియుండెను. పడిన నాలుగును బ్రతికియుండెను. మన తార్కికులు అన్వయవ్యతిరేకములని చెప్పు పరీక్ష యిదియే. ఇంతకంటె చక్కని యుదాహరణము నేనెఱుగను. మఱుసటి సంవత్సరము ముఖమంతయు చీముపట్టిన యొక పోలీసు ఉద్యోగికి ఆ మందు నిచ్చిరి. కొలది దినములలో జ్వరము దిగినది, ఆకలి పుట్టినది. అంతలో మందు అయిపోయినది. అతని మూత్రము నుండియే మందును మరల తీసి యెక్కించిరి. అదియు చాలలేదు. మిగిలిన క్రిములు మరల పెరిగి, 1941 మార్చిలో అతడు మరణించెను.

ఇక ఏ క్రిమికి ఏ మందు అను ప్రశ్న. 1884లో గ్రామ్ అను డేన్మార్కు దేశపు వైద్యుడు ఒక రంగు పరీక్ష కనుగొనెను. క్రిములకు ఊదారంగు పట్టించి స్పిరిటుతో కడిగినచో కొన్ని జాతులు ఆ రంగును విడువవు, కొన్ని విడిచిపెట్టును. విడిచినవానికి తరువాత ఎఱ్ఱరంగు పట్టింతురు. నేటికిని ఆసుపత్రులలో ఈ పరీక్షయే మొదట జరుగును. ఇది రంగుల ముచ్చట మాత్రము కాదు, గోడల భేదము. ఊదారంగు నిలుపుకొనునవి మందమైన దడి బయటికి కనబడునట్లు గలవి. సెగగడ్డలు పుట్టించునవి, గొంతు పుండు చేయునవి, న్యుమోనియా తెచ్చునవి ఈ తెగలోనివి. పెనిసిలిన్ మొదట గెలిచిన దీ తెగమీదనే. గొంతు పుండు చేయు క్రిమివలన కొందఱు పిల్లలకు కీళ్ల వాపులు వచ్చి, తరువాత గుండె కవాటములు చెడును. అట్టి పిల్లలకు మూడు నాలుగు వారముల కొకసారి చొప్పున ఏండ్ల తరబడి పెనిసిలిన్ సూది వేయుచుండుట మీరు చూచియుందురు.

ఎఱ్ఱరంగు పట్టునవి దడికి వెలుపల మఱియొక పొర గప్పుకొని యుండును. సన్నిపాత జ్వరము, అనగా టైఫాయిడు, కలరా, మూత్రపు మంట తెచ్చు క్రిములు తఱుచుగా ఈ తెగలోనివి. ఆ పొర మొదటి పెనిసిలిన్‌ను లోనికి రానీయదు. తరువాత వచ్చిన ఆంపిసిలిన్ మొదలగునవి దానిలోని సందులగుండ దూరునట్లు మార్చబడినవి. క్షయక్రిమి ఈ రెండు తెగలకును చెందక మైనపు కవచము ధరించి యుండును. కలరా విషయమున నొక్క మాట. అందు చంపునది శరీరమునుండి నీరు పోవుట. మందుకంటె ముందు ఉప్పు, పంచదార కలిపిన ద్రవము త్రాగించుట ముఖ్యము. ఎక్కువైనచో సెలైను ఎక్కింపవలెను.

గోడ తరువాతి ఆయువుపట్టు మగ్గము. ప్రతి కణములోను మాంసకృత్తులను నేయు సూక్ష్మమైన మగ్గము లుండును. వానికి రైబోసోములని పేరు. క్రిమి మగ్గమునకును మన మగ్గమునకును కట్టడిలో భేదమున్నది. టెట్రాసైక్లిన్ క్రిమి మగ్గమునకు నూలు అందనీయదు. స్ట్రెప్టోమైసిన్ ఒక నూలునకు మాఱు వేఱొక నూలు పడునట్లు చేసి గుడ్డను పాడుచేయును. నేడు మందుల దుకాణములలో మిక్కిలి చెల్లుచున్న అజిత్రోమైసిన్, నేసిన గుడ్డ బయటికి రాకుండ అడ్డుపడును. భేదమున్నదన్న మాటయే గాని పోలిక లేకపోలేదు. కావుననే ఈ మందులు మనల నొక్కొక్కప్పుడు నొప్పించును. స్ట్రెప్టోమైసిన్ కొందఱి వినికిడి చెఱుచును. టెట్రాసైక్లిన్ చిన్నపిల్లల పండ్లకు గారరంగు పట్టించును.

ఈ మందులలో పెక్కు మన కాళ్లక్రింది మట్టి నుండి వచ్చినవి. తొలకరి చినుకు పడినప్పుడు వచ్చు మట్టివాసన మీకు ప్రియమైనది గదా. ఆ వాసన పుట్టించు వానిలో స్ట్రెప్టోమైసిస్ అను మట్టిక్రిములు ముఖ్యమైనవి. తమ పొరుగు క్రిములను అదుపులో నుంచుటకు అవి కొన్ని సారములు విడుచును. 1943లో అమెరికాలోని రట్గర్స్ విద్యాలయమున వాక్స్‌మన్ గారి శిష్యుడు షాట్జ్ అట్టి యొక క్రిమి నుండి స్ట్రెప్టోమైసిన్ తీసెను. క్షయను లొంగదీసిన మొదటి ఆంటీబయాటిక్కు అదియే. రెండేండ్లకు మిస్సోరి రాష్ట్రపు గడ్డిపొలములోని మట్టి నుండి ఆరియోమైసిన్ దొరకినది. టెట్రాసైక్లిన్ వంశమునకు మూలపురుషుడది. దానిని కనుగొన్న డగ్గర్ గారు ఒక విద్యాలయములో ఉపాధ్యాయ పదవి విరమించి, డెబ్బది యేండ్లు దాటిన వయస్సున లెడర్లీ ప్రయోగశాలలో చేరిన వృద్ధుడు. ఆ ప్రయోగశాలకు పరిశోధనాధ్యక్షుడు మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆరియోమైసిన్ లోకమునకు వెల్లడియైన 1948లోనే ఆయన పరదేశమున కన్నుమూసిరి. బోదకాలు క్రిములకు మనవారు మ్రింగు హెట్రజాన్ మాత్రయు ఆ శాలలో పుట్టినదే. తెలుగు దేశమున ఆయన పేరెఱిగిన వారికంటె ఆయన మందు మ్రింగినవారే ఎక్కువ.

మఱి రెండు మూడు ఆయువుపట్టులు. సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి క్రిమి వంశలేఖనమను పొడుగైన పేటను చిక్కులు పడకుండ విప్పు పనిముట్టును పట్టుకొనును. రిఫాంపిసిన్ ఆ లేఖనమునకు నకలు తీయనీయదు. సల్ఫా మందుల పని మఱియు వింతైనది. ఫోలిక్ ఆమ్లము లేనిదే ఏ కణమును చీలజాలదు. దానిని మనము ఆకుకూరల నుండి పొందుదుము. క్రిమి తనకు తానే వండుకొనును. సల్ఫా ఆ వంటను చెఱుచును. వంటయే చేయని మనకు దానివలన ఆ నష్టము లేదు. ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లో ప్రయోగశాలలో నిర్మించినదియు సుబ్బారావు గారి బృందమే.

ఇంతవఱకు వినినవారికి ఒక సంగతి తనంత తానే స్ఫురింపవలెను. పడిసెము, ఇన్‌ఫ్లుయెంజా, డెంగీ, ఆటలమ్మ, తట్టు, కోవిడు, ఇవి బాక్టీరియావలన వచ్చునవి కావు, వైరస్సులవలన వచ్చునవి. వైరస్సునకు దడి లేదు, మగ్గము లేదు, వంట లేదు. అది మన కణములలో దూరి మన మగ్గముమీదనే తన గుడ్డ నేయించుకొనును. చిలుకయే లేనిచోట గొంతు నులుముట యెట్లు? అజిత్రోమైసిన్ మూడు మాత్రలు మ్రింగితిని, జలుబు తగ్గినదని చెప్పువారు చాలమంది. మ్రింగకున్నను అది ఆ నాటికే తగ్గియుండెడిది. వ్యర్థమైనది డబ్బు మాత్రమే యైనచో నేనింత చెప్పను. ఆ మాత్రలు పేగులలోని మేలు క్రిములను చంపును, ఎదిరింపగల క్రిములకు చోటు చేసి పెట్టును.

ఎదిరించుట యనగా నేమి? కోట్ల కొలది క్రిములు చీలునప్పుడు, వంశలేఖనపు నకలులో అక్కడక్కడ వ్రాతతప్పులు దొరలును. తాళపత్రములు ఎత్తివ్రాసిన వారికి ఈ కష్టము తెలియును. తఱుచుగా తప్పు పడిన క్రిమి చచ్చును. అరుదుగా నొక తప్పు మందు పట్టుకొను చోటునే మార్చివేయును. చిలుక చోటు మాఱినది. ఇక మందు మిగిలిన వానినన్నిటిని చంపి, దాని కొక్కదానికే నేలంతయు అప్పగించును. మఱి కొన్ని క్రిములు పెనిసిలిన్‌ను ముక్కలుచేయు రసమును ఊర్చును. దీనిని అబ్రహాం, చెయిన్ అనువారు 1940లోనే, మందు ఇంకను బజారునకు రాకముందే ప్రకటించిరి. అన్నిటికంటె భయంకరమైనది, ఈ విద్యను క్రిములు పొరుగు క్రిములకు, అన్యజాతి క్రిములకు సహితము అందిచ్చుకొనుట. తక్కువ మోతాదున మందు వాడినచో క్రిములు చావక ఎదిరింప నేర్చునని ఫ్లెమింగు 1945లో నోబెల్ బహుమాన సందర్భమున చేసిన ప్రసంగములోనే హెచ్చరించియుండెను.

క్షయ విషయమున ఈ లెక్క స్పష్టముగా కనబడును. మందులు లేని కాలమున క్షయరోగులు మదనపల్లెకు సమీపమున నున్న ఆరోగ్యవరము వంటి చోటులకు పోయి, మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి వీనిపైననే ఆశ పెట్టుకొనియుండిరి. స్ట్రెప్టోమైసిన్ వచ్చినప్పుడు రోగులు లేచి తిరిగిరి. కొలది నెలలలో పలువురు మరల పడిపోయిరి. కారణము వినుడు. ఐసోనియాజిడ్ అను మందు క్షయక్రిమి మైనపు కవచమును అల్లనీయదు. దాని నెదిరింపగల క్రిమి సుమారు పదిలక్షలలో నొకటి యుండును. రిఫాంపిసిన్ నెదిరించునది సుమారు పదికోట్లలో నొకటి. ఊపిరితిత్తిలో పుండుపడిన రోగి యొడలిలో కోట్ల కొలది క్రిము లుండును. కావున ఏ యొక్క మందు నిచ్చినను దానిని ఎదిరించునవి కొన్ని ముందే యుండి మిగిలిపోవును. రెండును కలిపి యిచ్చినచో? రెంటిని ఎదిరించునది కోటి కోట్లలో నొకటి. అన్ని క్రిములు ఏ రోగి యొడలిలోను ఉండవు. మందులు కలిపి యిచ్చుటకు మూల మీ గుణకారమే. నేడు తొలి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు ఇచ్చుచున్నారు. ఆసుపత్రిలో పండుకొననక్కఱ లేకయే ఇంటి వద్ద మందు తిన్నను రోగము అంతే చక్కగా కుదురునని 1950-60 నడుమ మదరాసులో జరిగిన పరిశోధనవలన లోకమునకు తెలిసినది.

ఆఱు నెలలెందుకు? పెరుగుచున్న క్రిములు మొదటి వారములలోనే చచ్చును. దగ్గు తగ్గును, ఆకలి పుట్టును, ఒంటికి కండ పట్టును. నిద్రించు క్రిములు మిగిలియుండును. అవి మేల్కొనునంతవఱకు మందు కావలి కాయవలెను. నావద్ద చదివిన యొక పిల్లవాడు పెద్దవాడై కుటుంబమును పోషించుకొనుచు, క్షయ సోకి రెండు నెలలు మందు తిని, కండపట్టినదని మానివేసెను. ఇంటిలోని పెద్దలును బాగైనది గదా యనిరి. ఏడాది తిరుగకముందే రక్తము పడినది. ఈసారి మొదటి మందులు పనిచేయలేదు. పెద్ద ఆసుపత్రిలో వేఱు మందులు, ఏడాదికి పైబడిన చికిత్స. అంతలో వాని కుమార్తెకును రోగము అంటినది. ఆ బిడ్డకు అంటినది ఎదిరింప నేర్చిన క్రిమియే. తండ్రి మందు మానిన పాపమునకు బిడ్డ మొదటి దినము నుండియే కఠినమైన మందులు తినవలసివచ్చెను. ఇరువురును నేడు బ్రతికియున్నారు. వాని యెడమచెవి మాత్రము వినబడదు.

ఇది క్షయకు మాత్రమే పరిమితము కాదు. 1948 ప్రాంతమున క్లోరాంఫెనికాల్ సన్నిపాత జ్వరమును మంత్రము వేసినట్లు దింపినది. ఇరువదియవ శతాబ్దము ముగియక మునుపే మన దేశమున పలుచోట్ల ఆ క్రిమి దానికి లొంగకపోయెను. ఎదిరించు క్రిములవలన 2019వ సంవత్సరమున ప్రపంచములో సుమారు 12 లక్షల 70 వేలమంది చనిపోయిరని శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. కోళ్లకును పశువులకును రోగము లేకున్నను బరువునకై మేతలో ఈ మందులు కలుపుటయు ఇందుకొక కారణము. కడపటి యాయుధముగా దాచుకొనదగిన కొలిస్టిన్ అను మందును పశువుల మేతలో వాడరాదని మన ప్రభుత్వము 2019లో నిషేధించినది.

ఇండ్లలో పెద్దలు చూడదగిన గుఱుతులు రెండు చెప్పెదను. మాత్రల పట్టీ వెనుక నిలువుగా ఎఱ్ఱగీత యున్నచో అది వైద్యుని చీటి లేక కొనదగినది కాదు. అన్నకు మిగిలిన మాత్రలు తమ్మునకు పనికిరావు. ఇద్దఱి జ్వరము ఒకటి కావచ్చును గాని ఇద్దఱి క్రిమి ఒకటి యని యెవరు చూచిరి? వైద్యుడు చెప్పిన దినము లెన్నియో అన్నియే. తగ్గింపను రాదు, మనకు మనమే పొడిగింపను రాదు.

రెండవది ప్రయోగశాల కాగితము. జ్వరము తగ్గనప్పుడు వైద్యుడు రక్తమునో మూత్రమునో కల్చరు పరీక్షకు పంపును. అక్కడ దానిలోని క్రిములను గాజుపళ్లెములో పెంచి, వేర్వేఱు మందులద్దిన చిన్న కాగితపు బిళ్లలను వానిపై నుంచుదురు. మఱునాడు ఏ బిళ్ల చుట్టు క్రిములు లేక నిర్మలమైన వలయము ఏర్పడునో ఆ మందు పనిచేయును. ఫ్లెమింగు చూచిన దీ వలయమునే. ఫలితము కాగితముమీద మందు పేరున కెదురుగ ‘ఎస్’ అని యున్నచో క్రిమి లొంగునని యర్థము, ‘ఆర్’ అని యున్నచో ఎదిరించునని యర్థము. దీనికి రెండు మూడు దినములు పట్టును. క్రిమి పెరుగవలెను గదా. వైద్యుడు వీలు చూచి, ఆ రక్తమును మందు మొదటి మోతాదు పడకముందే తీయించును. అందువలన రోగిని తీసికొని పోవుటకు ముందు, దారిలో దుకాణము వద్ద ఆగి, ఉండనిమ్మని రెండు మాత్రలు వేయింపకుడు. అవి రోగమును కుదుర్పవు గాని, పళ్లెములో క్రిమి మొలవకుండ చేయుటకు మాత్రము చాలును.